చెప్పాపెట్టకుండా మారిన కాల్కులేటర్

వేములలో కొత్తగా కడుతున్న చర్చి హాలు నేలకు పరిచే బండ సగానికే వచ్చిందని ఇర్ఫాన్ మేస్త్రీ ఫోన్లో అరిచి పెట్టేసేసరికి, జమ్మలమడుగు బండల ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చున్న ఎస్తర్ చూపు గోడ మీది క్యాలెండర్ మీదికి పోయింది. ఆదివారం ప్రారంభ ప్రార్థన. ఇవాళ గురువారం.

ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఒకటే. మేస్త్రీలు ఫోన్లో కొలతలు చెబుతారు. గోడలు ఎక్కడా సమంగా ఉండి చావవు గనుక, ఈ కొస వెడల్పూ ఆ కొస వెడల్పూ రెండూ చెప్పి, తర్వాత పొడవు చెబుతారు. వెడల్పులు కూడి, సగం చేసి, పొడవుతో గుణించి, ఎన్ని చదరపు అడుగుల బండ పడుతుందో చీటీ మీద రాసి ఎస్తర్ సంతకం పెడుతుంది. ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా ఆ సంతకం చూశాక మళ్లీ లెక్క కట్టిన మేస్త్రీ లేడు. ఆమెకున్న ఆస్తి ఆ నమ్మకమే.

యజమాని ఆదినారాయణకూ ఫోను వెళ్లినట్టుంది, ఆ హాలు చీటీ ఊపుకుంటూ వచ్చాడు.

"ఏందిమ్మా ఎస్తరమ్మా ఇది? ఎనిమిది వందల నలభై అడుగులు పట్టే హాలుకు నాలుగు వందల ఇరవై రెండా? నీకు వయసు మీద పడింది. రేపట్నుంచి ఆ కుర్చీలో మా అర్చన కూర్చుంటాది."

అర్చన ఆయన తమ్ముడి కూతురు. ప్రొద్దుటూరులో ఇంజనీరింగ్ చదువుతోంది. పక్కనే నిలబడి ఇబ్బందిగా నేల చూపులు చూసింది.

ఎస్తర్ కాగితం లాక్కుని చేత్తో లెక్క వేసింది. ఇరవై రెండూ ఇరవయ్యీ నలభై రెండు, సగం చేస్తే ఇరవై ఒకటి, పొడవు నలభై. ఎనిమిది వందల నలభై! అవే అంకెలు ఎప్పటిలాగే వరసగా కంప్యూటర్లోని కాల్కులేటర్‌లో కొట్టింది. నాలుగు వందల ఇరవై రెండు.

"దీని పాడుగాను!" అంది బిగ్గరగా.

కిందటి శనివారం కంప్యూటర్ అప్‌డేట్ అయినప్పటి నుంచీ ఆ కాల్కులేటర్‌తో ఆమెకు పడటం లేదు. కనబడీ కనబడని బూడిద రంగు అంకెలు, ఎక్కడో దాచేసిన మీటలు, ఎవరడిగారని పక్కన పాత లెక్కల చిట్టా! ఈ చీటీ రాసినప్పుడు ఆ మీటలు వెతుక్కునే చిరాకులో, వచ్చిన అంకెను సరిగ్గా చూడనే లేదు. చూడాల్సింది. అది మటుకు తన తప్పే.

అర్చన వంగి చూసింది. "ఆంటీ, ఇంతకుముందు అది కొట్టేకొద్దీ లెక్క తేల్చేది. ఇప్పుడు లైనంతా చూసి, కూడిక కంటే ముందు భాగారం, గుణకారం చేస్తాంది. ఇరవైని మాత్రమే సగం చేసి, నలభైతో గుణించి, ఆ పైన ఇరవై రెండు కలిపింది. స్కూలు లెక్క ప్రకారం అదే కరెక్టు. మీరు బ్రాకెట్లు పెట్టాల."

"కరెక్టే కావచ్చు పాపా. ఇన్నేండ్లు ఒక తీరుగా చెప్పి, మాటమాత్రం చెప్పకుండా తీరు మార్చుకుంటే ఎట్ట? క్వారీలో కూలోడైనా పని మానేముందు చెప్పి పోతాడు. దీనికి ఆ మాత్రం సిగ్గు ల్యా?"

"లోకమంతా అలవాటు పడతాంది, నువ్వు తప్ప," అన్నాడు ఆదినారాయణ. "సరేలే, కంప్యూటర్ తప్పని ఇర్ఫాన్‌తో చెప్పేయ్."

"చెప్పనన్నా. చీటీ కింద ఉండేది నా పేరు."

ఎస్తర్ ఆయన ఎదుటే ఫోను కలిపి స్పీకర్ పెట్టింది. "ఇర్ఫానూ, తప్పు నాదేనప్పా. మిషన్ చెప్పిందాన్ని చూసుకోకుండా సంతకం పెట్టినా. మిగతా బండ ఇప్పుడే లారీకెత్తిస్తా."

అవతల ఇర్ఫాన్ గొంతు తగ్గించాడు.

"అక్కా, ఈసారి చీటీ నువ్వు రాస్తాండావా, ఆ పెట్టె రాస్తాండాదా?"

"నేనే. చేత్తో."

"అట్టయితే పంపు. పనోళ్లను ఈడనే ఆపుతా. ఇంకెవురన్నా రాస్తే మాత్రం దించుకోను, మీ సేటుకు ఆ మాట చెప్పు."

చెప్పే అవసరం లేకపోయింది. ఆదినారాయణ చీటీ బల్ల మీద పెట్టి, లారీ డ్రైవరును కేకేసుకుంటూ బయటికి నడిచాడు. కుర్చీ మాట మళ్లీ ఎత్తలేదు.

ఎస్తర్ కొత్త చీటీ మీద మిగతా బండ నాలుగు వందల పద్దెనిమిది అని రాసి, కాగితం చిరిగేంత గట్టిగా సంతకం పెట్టింది.

"బ్రాకెట్లు చూపిస్తా ఆంటీ, రెండు నిమిషాల్లో వచ్చేస్తాది," అంది అర్చన.

ఎస్తర్ కీబోర్డును ఆ పిల్ల వైపు నెట్టింది.

"దాని కోసం నేను కొత్తగా నేర్చుకునేది ల్యా. దాన్ని చేసినోళ్లకు నువ్వే మెయిల్ పెట్టు. జమ్మలమడుగులో ఎస్తర్ ఎట్ట లెక్కేస్తాదో వాళ్లనే వచ్చి నేర్చుకొని పొమ్మను."