రెండు గీతల వెనక

తప్పు ఎవరిదన్న ప్రశ్న మనుషులకు ఎందుకంత ఇష్టమో నాకింకా అంతుపట్టలేదు. నేను ఒక వరుసను మాత్రమే. విజయనగరంలో ఒక ప్రైవేటు బస్సుల కంపెనీ డ్రైవర్లకు డ్యూటీలు వేసే ప్రోగ్రాములో మొట్టమొదటి వరుసను. అంకె ఉండవలసిన గడి ఖాళీగా కనిపిస్తే పని ఆపించి, ఇక్కడ ఖాళీ ఉందని చెప్పాలి. నేను లేకపోతే ఆ ప్రోగ్రాము భాష ఖాళీని సున్నాగా తీసుకుని ముందుకు పోతుంది. అది ప్రమాదమని ఆ భాషను తయారుచేసినవాళ్లకు తెలుసు. అయినా పాత ప్రోగ్రాములు ఆగిపోతాయన్న భయంతో, నాలాంటి వరుసను ఇష్టమున్నవాళ్లే పెట్టుకోవచ్చన్నారు. మనుషులు మంచితనాన్ని కూడా అలాగే వాడతారని తరవాత తెలిసింది.

నన్ను రాసినవాడు ఉద్యోగం మానేశాక రఘునందన్ చేతికి వచ్చాను. యజమానికి ప్రోగ్రాము చూపించే రోజున నేను పదకొండు చోట్ల ఆపాను.

"ఏటయ్యా, నీ బండి కదలకుండానే బ్రేకులేస్తందేటి?" అన్నాడు యజమాని. గదిలో అందరూ నవ్వారు.

రఘునందన్ చెవులు ఎర్రబడ్డాయి. నా ముందు రెండు గీతలు పెట్టాడు. గీతల వెనక వరుసను మనుషులు చదవగలరు, యంత్రం పట్టించుకోదు. ఆ గీతలు రేపు తీసేద్దామనుకున్నాడు. నాలుగేళ్లు గడిచాయి.

డ్యూటీ గుమాస్తా నూకరత్నం జాగ్రత్తమనిషి. డ్రైవరు ఎన్ని గంటలు నడిపాడో తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదిలేస్తుంది. తెలియనిది తెలిసినట్టు రాయడం ఆమెకు చేతకాదు. ఆ ఖాళీ సున్నా అయ్యేది. అంటే ఆ మనిషి ఒక్క గంటా నడపలేదు, హాయిగా నిద్రపోయి వచ్చాడని లెక్క. డ్రైవరు అప్పలసూరికి వరసగా మూడో డ్యూటీ అలాగే పడింది.

"కళ్లు మూతలడిపోతన్నాయి అప్పా, నానెక్కలేను," అన్నాడు నూకరత్నంతో.

"కంప్యూటరేసింది సూరీ, నానేటి సెయ్యను? రఘుబాబునడుగు."

రఘునందన్ తల ఎత్తలేదు. "అది లెక్క ప్రకారమే వేస్తుంది. నువ్వు పడుకోకపోతే దాని తప్పా?"

అప్పలసూరి బస్సు ఆగి ఉన్న లారీలోకి దూసుకుపోయింది. అతన్ని స్టీరింగు నుంచి విడదీయడానికి గ్యాసు కట్టరు తెప్పించారు.

విచారణకు వచ్చిన అధికారి రికార్డులో సున్నా చూపించాడు.

"నానెయ్యలేదు బాబూ ఆ సున్నా. ఖాళీగా వొగ్గేశాను," అంది నూకరత్నం. రఘునందన్ వైపు తిరిగింది. "నువ్వైనా సెప్పు నాయనా. ఉజ్జోగం పోతే పోనీ, మడిసిని సంపేసిందంటారు."

"ఖాళీ వదిలితే ప్రోగ్రాము ఒప్పుకుంటుందా? టీ తాగి వచ్చి చూస్తాను, ఆ ప్రోగ్రాము ఫైలు తెరిచి ఉంచండి," అన్నాడు అధికారి.

గదిలో రఘునందన్ ఒక్కడే మిగిలాడు. ఫైలు తెరిచి నన్ను చూశాడు. నేను మేలుకుని ఉంటే ఖాళీ గడి దాటదు. దాటదు కాబట్టి ఆ సున్నా ఆమె చేత్తో వేసినదే అవుతుంది. అతనికి ఆమె మీద కోపం లేదు. మధ్యాహ్నం ఆమె తన క్యారేజీలోంచి పెట్టిన వంకాయకూర గుర్తొచ్చింది. ఎలాగూ ఆమెకు రిటైర్మెంటు దగ్గరే అనుకున్నాడు. ఆ ఆలోచన దొరికాక అతని ఊపిరి సర్దుకుంది. నాలుగేళ్ల తరవాత మళ్లీ పనిలోకి వస్తున్నానని నాకు, సిగ్గు లేకుండా, సంతోషం వేసింది.

బయట టీ గ్లాసుల చప్పుడు వినిపించింది. రఘునందన్ రెండు గీతలూ చెరిపి, ఫైలు సేవ్ చేశాడు.