ఆఖరి ట్రిప్పుకు సరిపడా

సన్నటి కర్రను డీజిల్ ట్యాంకులో ముంచి తీసి, ఎంతమేర తడిసిందో చూసుకున్నాడు నెమ్మదయ్య. అది ఆయన అసలు పేరు కాదు. బస్సును ఏనాడూ ఉరికించడని ప్రయాణికులు పెట్టిన పేరు. కన్నవాళ్లు పెట్టిన పేరు డిపోలో కూడా ఎవరికీ గుర్తులేదు.

తడి నిన్నటికన్నా కిందే ఉంది.

“ఇంతేనా పోసింది?”

“ఇదే ఎక్కువన్నట్టు చూశాడన్నా ఆ పంపు దగ్గరాయన,” అంది కండక్టరమ్మ. “చాలకపోతే సాయంత్రం కొండ ట్రిప్పు ఎత్తెయ్యమన్నారట. ఒక్కరోజు ఆగిందా, ఇక దాని మాటే ఎత్తరు.”

కొండమీది ఊరి ఆడవాళ్లు కింద నూలు మిల్లులో పనిచేస్తారు. ఆ ట్రిప్పు లేకపోతే వాళ్లకు పనీ లేదు. నెమ్మదయ్య కర్ర తుడిచి లోపల పెట్టాడు.

“చూద్దాంలే అమ్మాయ్.”

రోజంతా చూస్తూనే ఉన్నాడు. స్టాపు దూరాన కనబడగానే యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసేవాడు. బస్సు తన వేగం తానే తగ్గించుకుంటూ వెళ్లి ఎక్కేవాళ్ల ముందు నిలబడేది. నిండుగిన్నె ఒళ్లో పెట్టుకున్నవాడిలా కాస్త ముందుకు వంగి, కదలకుండా కూర్చునేవాడు. వెనక లారీలు హారన్లతో తిట్టిపోసేవి. ఆయన చెవిన పెట్టేవాడు కాదు.

ఇంట్లోనూ అంతే. కూర సగం ఉడకగానే పొయ్యి ఆర్పి, గిన్నెను పాత బొంతలో చుట్టిపెట్టేవాడు. మిగతాది ఆ వేడికే ఉడికేది. “కూరకు కూడా దుప్పటి కప్పే మనిషితో కాపురం చేస్తున్నాను,” అని భార్య బతికున్నన్నాళ్లూ నవ్వింది. నవ్వుతూనే రెండోసారి వడ్డించుకునేది.

సాయంత్రం మిల్లు ముందు బస్సు నిండింది. కొండ ఎత్తు మొదలయ్యే చోట ఆగింది. డీజిల్ కరువు మొదలైనప్పటినుంచీ అక్కడ అందరూ దిగి నడవడం, ఖాళీ బస్సు ముందుగా పైకెక్కి వాళ్ల కోసం ఆగడం అలవాటైపోయింది.

“టికెట్టు కొని నడిచే భాగ్యం మనకే పట్టింది,” అంది ఒకామె దిగుతూ. “సగం డబ్బులు వెనక్కివ్వు మావయ్యా!”

“రేపట్నుంచి సగం బస్సే తెస్తాను, సరేనా?”

ఆడవాళ్లు గొల్లుమన్నారు. మోకాళ్ల నొప్పులతో రోజూ సీట్లోనే ఉండిపోయే పెద్దావిడ కూడా ఇవాళ లేచింది.

“నువ్వు కూర్చో పెద్దమ్మా. నీ బరువెంతని?”

“రేపు కూర్చుంటాలే నాయనా. రేపు బస్సుండాలిగా.”

మొదటి గేరులో బస్సు కదిలింది. మలుపులో ఇంజను ఒకసారి దగ్గింది. నెమ్మదయ్య ఊపిరి బిగబట్టాడు. ఇంజను మళ్లీ అందుకుంది.

పైన ఆగి అద్దంలోకి చూశాడు. మసక వెలుగులో ఆడవాళ్లు వరసగా ఎక్కి వస్తున్నారు. ఇద్దరు పెద్దావిడను చెరోవైపు పట్టుకున్నారు. ఆమె వాళ్లనే తొందర పెడుతోంది. ఏనాడూ గొప్పలు చెప్పుకోని నెమ్మదయ్య వెన్ను నిటారైంది. ఈ బస్సును నడిపేది తానొక్కడే కాదు. వీళ్లంతా డ్రైవర్లే.

వాళ్లు మళ్లీ ఎక్కాక బస్సు ఊరు చేరింది, అందరూ దిగారు. కండక్టరమ్మ ఫోను పట్టుకుని ముందుకు పరుగెత్తుకొచ్చింది.

“డిపోకు చెప్పేశానన్నా, ట్రిప్పు పూర్తయిందని! ఇక ఎలా ఎత్తేస్తారో చూస్తా!”

ఆయన తల సీటుకు ఆనించి ఉన్నాడు. చేతులు ఒళ్లో ఉన్నాయి. నిద్ర పట్టిందనుకుని కాసేపు ఆగింది. తర్వాత భుజం తాకి పిలిచింది. తల పక్కకు వాలింది, ఊపిరి లేదు.

మిల్లు ఆడవాళ్లే ఆయన్ని దించారు. పెద్దావిడ తన భుజంమీది శాలువా తీసి కప్పింది.

కొండ ట్రిప్పు ఆగలేదు. మర్నాడు ఇంకో డ్రైవరు వచ్చి ఆ సీట్లో కూర్చున్నాడు. కాలు పెట్టబోయి, వంగి కిందికి చూశాడు. ఆ బండి కొత్తగా వచ్చినప్పటినుంచీ నెమ్మదయ్యే నడిపాడు. అంచులు తుప్పుపట్టిన ఆ పాత నేలమీద బ్రేకు పెడలు రబ్బరు గీతలు ఒక్కటీ అరగకుండా, నిన్న బిగించినట్టే ఉన్నాయి.