ఉప్పు మీద కాల్చిన కుకీలు

తెనాలిలో ప్రసన్నలక్ష్మి లెక్కలు చెప్పే బళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి సోమవారం ఎవరో ఒక టీచరు ఇంట్లో చేసిన తినుబండారం తెచ్చి స్టాఫ్ రూంలో అందరికీ పెట్టాలి. బజారులో కొన్నది పనికిరాదు. జీతాలు పెంచమని అడగడానికి ఏనాడూ ఒక్కటి కాని వాళ్ళు ఈ విషయంలో మాత్రం ఒకే మాట మీద ఉంటారు.

చేరినప్పటి నుంచీ ప్రసన్న తన వంతు వచ్చినప్పుడల్లా ఏదో వంక చెప్పి తప్పించుకుంటోంది. నిజాంపట్నం హార్బరు పక్కన వాళ్ళ ఇల్లు. వాకిలి నిండా ఎండు చేపలు ఆరేసిన చాపలు. తమ వంటింట్లోంచి ఏం తెచ్చినా ముక్కులు మూసుకుంటారేమోనని భయం. ఎవరూ ఒక్క మాట అన్నది లేదు. అనకముందే భుజాలు తడుముకోవడం ఆమెకు అలవాటు.

"ఈసారి నీ వంతే ప్రసన్నా, తప్పించుకోవడాల్లేవు," అంది సైన్సు చెప్పే హరిత. "గుడ్డు మాత్రం వెయ్యకు, మాస్టారు తినరు."

మాస్టారంటే తెలుగు చెప్పే చంద్రశేఖరం గారు. ఆయన ఉల్లిపాయ కూడా ముట్టరు. అందుకే ప్రసన్న ఫోన్లో వెతికి వెతికి ఓట్సూ చాక్లెట్ చిప్సూ వేసే కుకీలు ఎంచుకుంది. పేరు వింటేనే వాటికి సముద్రంతో ఏ చుట్టరికమూ లేదని తెలిసిపోతుంది గదా.

ఆదివారం ఇంటికెళ్ళి వెన్న, బెల్లం, గోధుమపిండి, ఓట్సు కలిపి ముద్ద చేసింది. ఇంట్లో ఓవెన్ లేదు. పెద్ద అల్యూమినియం గిన్నె అడుగున ఉప్పు పరిచి, మీద పళ్ళెం పెట్టి, మూతేసి సన్నసెగన కాల్చాలి.

"ఉప్పు నే పోత్తాలే, నువ్వు బిళ్ళలు చేసుకో," అంది తల్లి వెంకటసుబ్బులు. కూతురి బడికి తన చేతి సాయంతో ఏదో వెళ్తోందని ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. పళ్ళేన్ని చింతపండుతో తోమి, ఎండలో పెట్టి, ఉతికిన తువ్వాలుతో తుడిచింది. ఉప్పు దగ్గరికొచ్చేసరికి మాత్రం, మాడిపోయే దానికి కొత్తదెందుకని, చేపల మీద నుంచి దులిపి దాచిన ఉప్పే తెచ్చి పోసింది.

అది ప్రసన్న చూడలేదు. వాసనా పట్టలేదు. పుట్టినప్పటి నుంచీ పీల్చిన గాలి వాసన ఎవరికి తెలుస్తుంది? తల్లీ కూతుళ్ళు తలొకటి తిని, భలే కుదిరాయనుకున్నారు.

సోమవారం పొద్దున్నే రేపల్లెలో రైలెక్కి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని బడికి చేరింది. మధ్యాహ్నం అందరూ బల్ల చుట్టూ చేరారు. మూత తీయబోతుంటే ఫోన్ మోగింది. అమ్మ. వెంకటసుబ్బులు ఫోన్లో మాట్లాడితే ఒడ్డు నుంచి పడవలో మనిషిని కేకేసినట్టే ఉంటుంది. ఆ గొంతు, ఆ యాస ఇంతమందిలో వినపడితే ఎలా అనుకుని ప్రసన్న కట్ చేసింది. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేసి, సౌండు తీసేసి, ఫోన్ని బోర్లా పెట్టింది.

మూత తీసింది. వయసులో పెద్దవారని మొదట చంద్రశేఖరం గారికి పెట్టింది. ఆయన నోటి దాకా తీసుకెళ్ళారు.

"మాస్టారూ, ఆగండి," అంది హరిత. తనూ ఒకటి తీసుకుని మళ్ళీ వాసన చూసింది. "చేపల వాసనండి."

ఆ మాటతోనే ప్రసన్న ముక్కుకీ అందింది. ఈ మూసిన గదిలో అది ఎంత ఘాటుగా ఉందో. చంద్రశేఖరం గారు కుకీని కాగితం మీద పెట్టి, వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చారు. తిట్టినా బాగుండేది.

"ఇంట్లోనే చేశావా అమ్మాయ్?" అన్నారు.

"లేదండి." ఆ అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు. "నాకు చేతకాక రేపల్లెలో కొన్నానండి. మా ఇంట్లో ఇలాంటివి ఎవరూ చెయ్యరండి."

"పోన్లే. శుభ్రం తెలియని వాళ్ళెవరో చేసుంటారు. నీ తప్పేముంది?"

అందరూ తలూపారు. వాళ్ళతోపాటు ప్రసన్న కూడా తలూపింది. ఊపాక సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది. ఎండలో పళ్ళెం పెట్టి, దానికి కాపలా కూర్చున్న అమ్మ కళ్ళముందు మెదిలింది.

సాయంత్రం తెనాలిలో తనుండే అద్దె గదికొచ్చి తనే ఫోన్ చేసింది.

"ఎన్నిసార్లు చేశానే తల్లీ," అంది వెంకటసుబ్బులు. "బాపట్ల నుంచి మీ పెద్దమ్మ వచ్చింది. మిగిలింది నోట్లో ఏసుకుని, చేపల వాసన కొడతందే అంది. నా తెలివి తెల్లారినట్టే ఉంది, ఆ ఉప్పు పోశా. డబ్బా తియ్యొద్దని చెబుదామని చేశా. తీశావా?"

"తీశానమ్మా."

"అయ్యో. నలుగుట్లో తల కొట్టేసినట్టయిందేమో. మా అమ్మ చేసిందండి, ఆవిడకి తెలవదండి అని నా మీదికి తోసెయ్యకపోయావా?"

"నీ పేరు ఎత్తలేదమ్మా."

"పిచ్చిదానా, నా కోసం మాటలన్నీ నువ్వే పడ్డావా?" అంది తల్లి. తర్వాత పక్కనున్న మనిషితో అనడం వినిపించింది. "చూశావా అక్కా, నా పరువు పోకుండా కాసుకుంది నా కూతురు."

ప్రసన్న నిజం చెబుదామని నోరు తెరిచింది. అవతల పెద్దమ్మ కూడా మెచ్చుకుంటోంది. ప్రసన్న ఊఁ అంది.