కొనని గుమ్మడికాయ

కోత పండుగకు మా సంగనకల్లు సంఘంలో అందరికంటే పెద్ద గుమ్మడికాయ తెచ్చేది నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు, మా వీధంతా ఒప్పుకున్న మాట ఇది. పండుగకు ముందు రోజు బళ్ళారి మార్కెట్టుకు పోయి, కుప్పలన్నీ కలియబెట్టి, వేలితో తట్టి, గోరుతో గీచి, మనసుకు నచ్చింది దొరికేదాకా కదలను. దాన్ని ఆటోలో పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని తెస్తాను. మరునాడు చర్చిలో బల్ల ముందు దించానంటే, వెనక వరుసలో మా పక్కింటి మద్దమ్మ తను తెచ్చిన వంకాయల సంచిని కొంగు కిందకు లాక్కునేది. ఆ సంతోషం నాకు ఏడాదంతా సరిపోయేది.

నా పేరు మారమ్మ. బాప్తీస్మం ఇచ్చేటప్పుడు ఊరి దేవత పేరు నీకెందుకు, మార్చుకోమన్నారు. మా అమ్మ పెట్టిన పేరు, మార్చుకోనన్నాను. దేవుడు ఆ పేరుతోనే పిలుస్తున్నాడు, నేనూ పలుకుతున్నాను. ఇబ్బంది ఏమీ రాలేదు.

కోత పండుగ అంటే చేలో పండిన మొదటి ఫలం తెచ్చి దేవుని బల్ల దగ్గర పెట్టడం. ఆరాధన అయిపోయాక వాటిని చర్చి ముంగిట్లో వేలం వేస్తారు. వచ్చింది సంఘానికి పోతుంది. అయితే మా సంఘంలో ఎవరికీ చేలు లేవు. కూలికి పోయేవాళ్ళం, లారీలు తోలేవాళ్ళం. చేను లేదని పండుగ మానుకోలేం కదా. అందుకని మార్కెట్లో కొని తెచ్చి పెట్టేవాళ్ళం. మా అత్త కొనింది, నేను కొన్నాను. ఇందులో తప్పుందని ఎవరికీ తోచలేదు, మా సౌభాగ్య కాపురానికి వచ్చేదాకా.

సౌభాగ్య నా కోడలు. మా భీమేష్ గనుల దగ్గర లారీ తోలుతాడు. వాడికి సిరిగేరి పిల్లను చేసుకున్నాం. సిరిగేరి అంటే కాలువ నీళ్ళు, నల్లమట్టి, ఎటు చూసినా వరిమడి. వాళ్ళ నాయన గుత్తకు తీసుకున్న మడిలో వరి పండిస్తాడు. అలాంటి చోటి నుంచి వచ్చిన పిల్ల, పెళ్ళయిన ఏడాది మా కోత పండుగలో నా పక్కన కూర్చుంది. వేలం వేసేది మా సంఘపెద్ద కొట్రేశ్. నా గుమ్మడికాయ రెండు చేతులతో ఎత్తి, "మారమ్మక్క గుమ్మడికాయ" అని కేకేశాడు. నేను పైట సర్దుకున్నాను.

"చేను పేరు చెప్పలేదే అత్తా?" అంది సౌభాగ్య.

"ఏ చేను?"

"మా ఊర్లో ముందు చేను పేరు చెప్తారు. ఆ చేనాయన లేచి, 'ప్రభువుదే' అంటాడు. ఆమీదనే వేలం."

"మనకు చేను యాడుండాదే? బళ్ళారి మార్కెట్టు చేను అని చెప్పమంటావా?"

"అంగట్లో కొన్నదాన్ని మొదటి ఫలం అంటారా అత్తా?"

ఎగతాళిగా అని ఉంటే అక్కడే నాలుగు దులిపి ఉండేదాన్ని. ఆ పిల్ల నిజంగానే అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేని ప్రశ్న అడిగినవాళ్ళ మీద నాకు కోపం వస్తుంది, అది నా స్వభావం. ఇంటిదాకా ఆ పిల్లకంటే ముందే నడిచాను.

ఇంట్లో కాళ్ళు కడుక్కుంటూ సౌభాగ్యే అంది. "వచ్చే పండక్కి మన నేలలో పండింది పెడదాం అత్తా. పండకపోతే నేను ఉత్త చేతులతోనే పోతా. కొన్నది మాత్రం పెట్టను."

గోడ అవతల మద్దమ్మ ఇల్లు. సాయంత్రానికి ఈ మాట వీధంతా తెలిసిపోయింది. మారమ్మ కోడలు బండ మీద పంట తీస్తుందంట అని నవ్వుకున్నారు. అంతే, ఆ రోజు నుంచి ఆ పంట నా పరువు అయిపోయింది. నా కోడలిని నేను అనవచ్చు. వీధి అనడానికి వీల్లేదు.

మా నేల సంగతి చెప్పాలి. ఇంటి వెనక గుట్ట దాకా ఉన్న ముక్క అది, పట్టా నా పేరు మీదే ఉంది. చూస్తే నేల అనిపించదు. ఒక పెద్ద బండ, దాని చుట్టూ గుండ్లు, గుండ్ల మధ్య గులకరాళ్ళు. గడ్డపార వేస్తే నిప్పు రాలుతుంది. బట్టలు ఆరేయడానికి తప్ప దాన్ని నేను దేనికీ వాడలేదు. సౌభాగ్య మాత్రం ఆ రాళ్ళ మధ్య వంగి వంగి తిరుగుతూ, ఎక్కడ చేయి పెడితే మట్టి తగులుతుందో వెతికింది. మట్టి ఉన్న చోటల్లా గుంత తీసింది. ఎండిపోయిన కుంట నుంచి గంపతో మట్టి మోసింది, గొర్రెలవాళ్ళను బతిమాలి ఎరువు తెచ్చింది. గుంత చుట్టూ చిన్న రాళ్ళు ఒత్తుగా పేర్చింది. మొదటి వానలకు గుమ్మడి విత్తనాలు పెట్టింది.

ఈలోగా మద్దమ్మ ఇంకో మాట తెచ్చింది. "మీ కోడలు ప్రార్థనలో నోరే తెరవదు. కంట్లో నీళ్ళు రావు. ఆయమ్మ గుండె రాయేమో మారమ్మా."

"నీ గుండె మెత్తనని నీకెవురు చెప్పినారు?" అన్నాను. అన్నాను గాని, ఆ మాట నా లోపల ముల్లులా ఉండిపోయింది. నేను ప్రార్థన చేస్తే వీధి చివరికి వినపడుతుంది. ఏడుస్తాను, చేతులెత్తుతాను. సౌభాగ్య తల వంచుకుని కూర్చుంటుంది, లేచిపోతుంది. ఆ పిల్లకు దేవుడు ఉన్నాడో లేడో అని నాకూ అనుమానంగానే ఉండేది.

విత్తనాలు మొలిచి ఆకులు విప్పాయి. అప్పుడే సిరిగేరిలో నాట్లు మొదలయ్యాయని సౌభాగ్య పుట్టింటికి పోయింది. "నీళ్ళు పోస్తే చాలత్తా, ఇంగేం చేయొద్దు" అని చెప్పి మరీ పోయింది. నేను ఏం చేయొద్దంటే ఊరుకునే మనిషినా?

ఆ ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు గుండెలోని రాళ్ళ గురించి వాక్యం చెప్పారు. రాళ్ళున్న చోట వేరు దిగదు, ఏరి పారేయండి అన్నారు. చాలా బాగా చెప్పారు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడుస్తూనే నాకు మా ఇంటి వెనక నేల కళ్ళ ముందు కనిపించింది. దేవుడే దారి చూపించాడనుకున్నాను. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మా సంఘం ఆడవాళ్ళందరినీ పిలిచాను. ఒక్కో రాయి తీసేటప్పుడు మనసులో ఒక్కో పాపం చెప్పుకోవాలి, రాయితో పాటు దాన్నీ పారేయాలి అన్నాను. అందరికీ నచ్చింది. పాటలు పాడుకుంటూ దిగాం.

మా పాపాలు అయిపోయాయి గాని రాళ్ళు అయిపోలేదు. ఆ తర్వాత మొగుళ్ళ పాపాలు చెప్పుకున్నాం. అవి బాగా కలిసి వచ్చాయి. చీకటి పడేసరికి గుంతల చుట్టూ పేర్చినవి కూడా మిగలకుండా ఏరేసి, వీధి మొదట్లో కుప్ప పోశాం. ఒకే ఒక బండ మా వల్ల కాలేదు. నలుగురం పట్టి నెట్టినా కదల్లేదు. దాని పక్కనున్న గుంతను అట్లాగే వదిలేశాం. చదునైన నేల చూసుకుని, ఇప్పుడు కదా ఇది చేను అని మురిసిపోయాను.

మూడో రోజు వాన పడింది. గుట్ట మీద నుంచి నీళ్ళు ఉరుకుతూ వచ్చాయి. ఆపడానికి అడ్డం ఏమీ లేదు. సౌభాగ్య తలపై మోసిన కుంట మట్టి నా కళ్ళ ముందే వీధి కాలువలోకి పోయింది. మొక్కలు వేళ్ళతో సహా కొట్టుకుపోయాయి. వాన వెలిశాక చూస్తే, మేం కదపలేని బండ పక్కన ఒక్క తీగ నిలబడి ఉంది.

సౌభాగ్య వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. వచ్చింది. వెనక వాకిట్లో నిలబడి చూసింది. తిడుతుందని ఎదురు చూశాను, తిట్టి ఉంటే బాగుండేది.

"రాళ్ళు యాడ పోసినారత్తా?" అంది.

చూపించాను. గంప తీసుకుని పోయి, ఆ కుప్పలో నుంచి ఎత్తుకు రావడం మొదలుపెట్టింది. నేనూ గంప తీశాను. మద్దమ్మ గుమ్మంలో నుంచి చూసి పరిగెత్తుకు వచ్చింది.

"ఏందిది? వదిలేసిన పాపాలను మళ్ళా ఇంట్లోకి తెచ్చుకుంటాండారు?"

నేను ఆగిపోయాను. నిజమే కదా అనిపించింది. ఆ గంపలో నా కోపం ఉంది, మా తోడికోడలి మీద నా పగ ఉంది. సౌభాగ్య గంప దించకుండానే జవాబు చెప్పింది.

"పాపం ప్రభువు తీసుకున్నాడు పెద్దమ్మా. రాయిని మనకే వదిలినాడు, కట్ట కట్టుకోండని."

సంఘంలో ఇన్నేళ్ళు కూర్చున్నాను, ఇంత సూటిగా ఎవరూ నాకు చెప్పలేదు. నా కోపం యాభై ఏళ్ళుగా దేవుణ్ణి తీసెయ్యమని అడుగుతున్నాను. తీసేస్తే నాలో మిగిలేది ఏముంటుంది, మొదటి వానకే కొట్టుకుపోనూ? ఉండనిచ్చి, కట్టగా పేరుస్తాడేమో. మద్దమ్మ తనూ పోయి ఒక రాయి ఎత్తుకొచ్చింది.

వాలుకు అడ్డంగా వరస మీద వరస కట్టాం. కట్ట వెనక మళ్ళీ కుంట మట్టి పోశాం. ఈసారి గుమ్మడికి కాలం మించిపోయిందని అలసందలు వేసింది. వాన వచ్చినప్పుడు నేను గొడుగు వేసుకుని పోయి చూశాను. నీళ్ళు కట్ట దగ్గర ఆగి, మెల్లగా ఇంకి, రాళ్ళ సందుల్లో నుంచి తేటగా బయటికి వచ్చాయి. మట్టి ఒక్క పిడికెడు పోలేదు. అంత సంతోషం నాకు భీమేష్ లారీ లైసెన్సు తెచ్చిన రోజు కూడా లేదు.

ఒక పొద్దున తెల్లవారకముందే వెనక నుంచి మాటలు వినిపించాయి. సౌభాగ్య నీళ్ళు పోస్తూ మాట్లాడుతోంది. "ఈ ఆకు పసుపు పడతాండాది ప్రభువా. నాకు తెలిసింది నేను చేసినా. ఇంగ నువ్వే చూసుకో. అత్తకు రాత్రి నిద్ర పట్టల్యా, ఆయమ్మనూ చూసుకో." ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడుతోంది. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. ఈ పిల్ల గుండె రాయి అన్న నోటిని వెతుక్కుంటూ పోవాలనిపించింది, కానీ ఆ అనుమానం నాకూ ఉండేదని గుర్తొచ్చి ఊరుకున్నాను.

బండ పక్కన తీగ బండ మీదికే పాకింది. పూలు చాలా పూసింది, నిలిచింది ఒక్క కాయ. ఎండకు బండ కాలి కాయ కమిలిపోతుందని సౌభాగ్య దాని కింద ఎండుగడ్డి పరిచింది. అయినా బండకు ఆనుకున్న వైపు చదునుగా అయిపోయింది.

పండుగ ముందు రోజు వేరే పని మీద బళ్ళారి పోయాను. అలవాటున కాళ్ళు గుమ్మడికాయల కుప్ప దగ్గరికే తీసుకుపోయాయి. అంగడాయన నన్ను చూడగానే నవ్వాడు. "ఆవో, రామ్మా, నీకోసం పెద్దది పక్కన పెట్టినా." నిజంగా పెద్దదే. మా కాయ దీంట్లో సగం కూడా ఉండదు. అయినా నోరు తడబడలేదు.

"ఈసారి ఒద్దప్పా. మా చేన్లో కాసింది."

ఆ మాట చెప్పడానికే ఆటో చార్జీ పెట్టుకుని పోయానేమో అనిపించింది. పక్క అంగడి వాళ్ళకు కూడా వినపడేలా చెప్పాను.

పండుగ రోజు ఆరాధన అయిపోయింది. ముంగిట్లో అందరం కూర్చున్నాం. కొట్రేశ్ మా కాయ ఎత్తాడు. దాని చదును వైపు చూశాడు, పక్కనున్న అలసందల గంప చూశాడు, నా వైపు చూశాడు.

"మారమ్మక్కా, ఈసారి చేను పేరు చెప్పల్ల కదా. మారమ్మ చేను అందునా?"

నెల రోజులుగా ఆ మాట నా చెవిలో ఎట్లా మోగుతుందో ఊహించుకుంటూనే ఉన్నాను. పట్టా నాది. మా వంశంలో ఎవరి పేరు పక్కనా చేను అన్న మాట చేరలేదు. అవును అంటే చాలు. పక్కకు చూశాను. సౌభాగ్య తల వంచుకుని కూర్చుంది. ఒళ్ళో చేతులు పెట్టుకుంది. గోళ్ళు విరిగి, వేళ్ళు పగిలి, ఆ పగుళ్ళలో కుంట మట్టి ఇంకా పోలేదు.

"పట్టా నా పేరున ఉండాది కొట్రేశప్పా" అన్నాను. "చేను మాత్రం సౌభాగ్యది. అట్లనే చెప్పు."

కొట్రేశ్ గొంతు సవరించుకుని, ఎప్పుడూ లేనంత గట్టిగా కేకేశాడు. "సంగనకల్లు గుట్ట కింద, సౌభాగ్య చేను. మొదటి ఫలం."

సౌభాగ్య లేచి నిలబడింది. ప్రార్థనలో ఎవరూ ఎన్నడూ వినని ఆ గొంతు వెనక వరుస దాకా వినపడింది.

"ప్రభువుదే."

నాకు ఏడుపు వచ్చింది. ఈసారి ఎవరికీ వినపడకుండా ఏడ్చాను. ఆ పిల్ల నా ఇంటి కోడలు అని తల ఎత్తుకుని అందరి ముఖాలూ చూశాను.

వేలంలో మద్దమ్మ ఎవరినీ పాడనివ్వలేదు. కాయను చంకనెత్తుకుని నేరుగా మా దగ్గరికి వచ్చింది.

"మా ఇంటెనక కూడా బండలే సౌభాగ్యా. దీని విత్తనాలు పెట్టాలంటే ముందు ఏం చేయల్ల?"

సౌభాగ్య నోరు తెరిచేలోగా నేనే చెప్పాను.

"ముందు రాళ్ళ జోలికి పోవద్దు."