కనుమ దాకా ఒక కథ

నా భార్య పోయిన నాటినుంచి నా నవల ఆఖరి అధ్యాయం దగ్గరే ఆగిపోయింది. అది రేవులో పడవ నడిపే ఆడమనిషి కథ. నది మీద వంతెన కట్టారు, ఇక ఆమె పడవ ఎవరికీ అక్కర్లేదు. ఆ తర్వాత ఏమిటి? రాసిన ప్రతిసారీ ఆమెను నదిలో ముంచేశాను. ప్రతిసారీ ఆ కాగితాలు చింపేశాను. చావు తప్ప వేరే దారి చూపలేని వాడికి నవలెందుకని, రాయడమే మానేద్దామనుకున్నాను.

"గోడలతో మాట్లాడింది చాలు, పద బావా" అని బావమరిది నన్ను ఈ కొండదారికి లాక్కొచ్చాడు. అతడు బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. ఉద్యోగమంతా కూర్చునే తిరిగాడు కాబట్టి ఇప్పుడు నడిచి తిరుగుతాడట.

సగం దారిలో అతని మడమలు బొబ్బలెక్కాయి. రాతి మీద కూలబడి బూట్లు విప్పేశాడు.

"నా వల్ల కాదు. కింద ఊళ్లో బస్సెక్కేస్తా."

"డ్రైవరువై ఉండి టికెట్టు కొంటావా? పరువు పోదూ?"

"ఉన్న పరువంతా మడమల్లోంచి కారిపోయింది బావా."

వెనక నడిచొస్తున్న ఒకావిడ ఆగి, అడక్కుండానే మందుపట్టీలు ఇచ్చి వెళ్లిపోయింది. అవి అంటిస్తూ, నొప్పి మరిపించడానికి పడవామె కథ ఎత్తుకున్నాను. మిగతాది వినాలంటే నడవాలన్నాను. గొణుక్కుంటూ లేచాడు.

ఎక్కుడు దారి మొదలైంది. నా పొడుగాటి వాక్యాలకు ఊపిరి చాలలేదు. వర్ణనలు ఒక్కొక్కటే దారిలో రాలిపోయాయి. చివరికి ఆమె, పడవ, నది మిగిలాయి. అంతే చాలనిపించింది.

రెండు కొండల నడుమ కనుమ మీద అతడు ఆగాడు. "వంతెన కట్టేశారు. తర్వాత?"

"ఇంకా రాయలేదు."

"ఇంతదూరం కుంటించి, ఇప్పుడు లేదంటావా? మా అక్క నిన్నెలా భరించిందో! చెప్పేదాకా కదలను."

"మునిగిపోతుంది" అన్నాను నెమ్మదిగా.

"పడవ నడిపేదానికి ఈత రాదా?"

పకపకా నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది. నవ్వు ఆగాక ముందుకు చూస్తే, కింది నుంచి కనబడని దారి లోయలోకి దిగి మరో కొండ ఎక్కుతోంది. పడవామె అందరినీ అవతలి ఒడ్డుకు చేర్చింది. ఆ ఒడ్డు దాటి తను ఒక్క అడుగైనా వేసి ఉండదు.

"వంతెన దాటింది" అన్నాను. "దాటి, ఆగలేదు."

"ఎక్కడిదాకా వెళ్లింది?"

"నడు, చెప్తాను."

సాయంత్రం బసలో కాళ్లు కడుక్కుని భోజనాల గదిలోకి వచ్చేసరికి, బావమరిది కొత్తవాళ్ల మధ్య కూర్చుని నా కథ చెప్పేస్తున్నాడు. ఎవరి చెంచా కదలడం లేదు.

"ఆ వంతెన కట్టిన ఇంజనీరునే పెళ్లాడింది!"

"పెళ్లేమిటయ్యా! నేనెప్పుడు చెప్పాను?"

"మరి తొందరగా రాయి బావా. ఆలస్యమైతే పిల్లలు కూడా పుట్టేస్తారు."

గది ఘొల్లుమంది. వంటావిడ నా ముందున్న పళ్లెం పక్కకు జరిపి, బల్ల తుడిచి, కాగితాలూ పెన్నూ పెట్టింది. అందరి భోజనాలు అయ్యేలోగా ఆ కాగితాల మీద పడవామెను నది చప్పుడు వినపడనంత దూరం నడిపించాను.

"చదవండి" అన్నారు వాళ్లు.

లేచి నిలబడి, గొంతెత్తి చదివాను.