క్యారియర్ ఎత్తు

కారు వెనక కొక్కేనికి తగిలించే సామాను క్యారియర్ కొందామని మా ఆయన ఆర్విడ్ నన్ను డులూత్ ఊళ్లోని షాపుకు లాక్కెళ్లాడు. ఇంటి నుంచి ఐసుపెట్టె కూడా తెచ్చాడు, నిండా సోడా డబ్బాలతో! షాపువాడు మా కారుకు క్యారియర్లు ఒక్కొక్కటే తగిలిస్తుంటే, ప్రతిదాని మీదా ఆ పెట్టెను నాచేత ఎత్తి పెట్టించాడు.

"నేనేమన్నా కూలీనా?"

"సరస్సుకు వెళ్లేటప్పుడు సర్దేది నువ్వేగా, సోల్వేగ్. నేను సర్దితే తీసి మళ్లీ సర్దుతావు."

నిజమే, పెట్టె ఎత్తాను. చలికాలంలో మంచు పారతో ఎత్తిపోసి నా భుజం పట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. నొప్పి చెప్పుకోవడం మావాళ్లకు నామోషీ.

షాపువాడు మెచ్చిన పెద్దవాటిని వదిలేసి, ఆర్విడ్ అన్నిటికంటే కిందికి ఉండేదాన్ని ఎంచాడు.

"ఇదా? గతుకుల్లో నేలకు రాసుకుంటుంది!"

"మెల్లగా పోనిస్తాను."

"ఎందుకంత పట్టు?"

"దీని మీద పెట్టె పెట్టినప్పుడు మాత్రమే నువ్వు పళ్లు బిగించలేదు."

నా కళ్లు చెమర్చాయి. "అయితే ఇంతసేపూ చూసింది కారునా, నన్నా?"

"కారునే," అన్నాడు, ఐసుపెట్టె నా చేతుల్లోంచి తీసుకుంటూ.