తోక ముక్క తగువు

గంప ఇంకా నెత్తికెక్కనే లేదు, అంకాలమ్మ అప్పుడే మొదలుపెట్టింది.

"పొగాకు ఉమ్మెయ్ మే. ఊపిరి పట్టేస్తాదని ఎన్నిసార్లు చెప్పాల నీకు?"

నాగులమ్మ తిట్టుకుంటూ ఉమ్మింది. ఉమ్మకపోతే అంకాలమ్మ గంపకు చెయ్యి వెయ్యదు. ఎంత గట్టి మనిషైనా తడిచేపల గంపను తనంతట తాను నెత్తికెత్తుకోలేదు, ఎదుట ఇంకొకరు నిలబడి పట్టు పట్టాల్సిందే. ముందు ఇద్దరూ కలిసి నాగులమ్మ గంప లేపారు. ఆ బరువుతోనే నాగులమ్మ మోకాళ్లు వంచి, మెడ నిలిపి, అంకాలమ్మ గంపకు చెయ్యిచ్చింది.

రెండు గంపల్లోనూ కానాగంత చేపలే. ఎండ ముదరకముందే కోట ఊరి బజారుకు చేరకపోతే వాటిని కుక్కలు కూడా ముట్టవు. చైనా యుద్ధం అయిపోయిన మరుసటి ఎండాకాలమది. రోడ్డు మీద బస్సు తిరుగుతూనే ఉంది గానీ, చేపల గంప కనిపిస్తే చాలు కండక్టరు ముక్కు మూసుకుని రైట్ రైట్ అనేవాడు. చేసేదేముంది, సముద్రపొడ్డు పాలెం ఆడవాళ్లు పరుగెత్తేవాళ్లు. నడుము పైభాగం కదలకుండా, చేతులు ఊపుకుంటూ, చిన్న చిన్న అడుగులతో సాగే పరుగు. వయసులో ఉన్నవాళ్లు గుంపుగా ముందే వెళ్లిపోయారు. వెనక మిగిలింది ఈ ఇద్దరే.

ఇసుక దాటి గట్టెక్కారో లేదో, వెనకనుంచి అంకాలమ్మ గొంతు లేచింది.

"మే నాగులూ, ఆదెయ్య కొత్త వల దించిన నాటి విందులో నాకు తోక ముక్క ఎందుకు వేసినావు?"

"అయ్యో దేవుడా, మళ్లీనా!"

నాగులమ్మకు ఒళ్లు మండింది. ఆ విందు జరిగి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు. ఆ వల చినిగి చీలికలైంది. వల వేసిన తన మొగుడు ఆదెయ్య కూడా పోయాడు. తోక ముక్క మాత్రం పోలేదు.

"మీ ఇంటికి తలకాయే వేసినాం కదక్కా!"

"తలకాయ నా మొగుడు తిన్యాడు. నాకు తోకే."

"వడ్డించింది నేనా? మీ ఆడబిడ్డ గదా!"

"గరిటె ఎవరిదైతే ఏంది? కుండ నీది!"

రోజూ ఇదే. ఆదెయ్య పోయిన ఏడాది నాగులమ్మ దగ్గుతో చాప పట్టింది. కదలకుండా పడుకోమన్నాడు కాంపౌండరు. పడుకుంటే కూడెవరు పెడతారు? అంకాలమ్మ వచ్చి చెయ్యి పట్టి లాగింది. మొదటిరోజు ఉత్త గంపతో పరుగెత్తించింది. రొప్పు వచ్చినప్పుడల్లా తోక ముక్క మాట ఎత్తేది. "తిట్టు మే, నన్ను తిట్టు. తిట్టేందుకు ఊపిరుంటే పరుగుకీ ఉంటాది. మాట ఆగిందా, కాలు ఆపు," అనేది. పొద్దున్నే గంజి తాగేదాకా గడప వదిలేది కాదు. సందెవేళ కల్లు ముట్టిందేమోనని నోరు వాసన చూసేది. సొంత అత్త కూడా ఇంత కాల్చుకు తినలేదు! దగ్గు పోయింది, పిక్కలు గట్టిపడ్డాయి. అయినా నాగులమ్మ ఏనాడూ ఆ మాట పైకి అనలేదు. అంటే ఇంకెంత ఎక్కి తొక్కుతుందో!

ఈ నసకు తోడు, అంకాలమ్మతో కలిసి ఆలస్యంగా వెళ్తే బజారులో మంచి చోటు దొరకడం లేదు. కోటలో రోజూ మురుగుకాలవ పక్కనే కూర్చోవలసి వస్తోంది. నాలుగు రోజులుగా గొంతులో అడ్డుపడుతున్న మాట ఇవాళ బయటికొచ్చేసింది.

"రేపట్నుంచి నేను ముందుపోయే ఆ పిల్లోళ్లతో పోతానక్కా. నీతో నావల్ల కాదు."

వెనకనుంచి జవాబు రాలేదు.

అలిగింది, అనుకుంది నాగులమ్మ. అలగనీ! హమ్మయ్య, ఒక్క పూటైనా చెవులకు సుఖం. ఆ ఊపులో అడుగు పెంచింది. ఉప్పు మళ్ల చివరికి వచ్చాక వెనక్కి చూసింది. గట్టంతా ఖాళీ.

"దీని అలక తగలెయ్య!"

బరువుతోనే వెనక్కి వెళ్లింది. అంకాలమ్మ గట్టువారన కాళ్లు చాపుకుని కూర్చుంది. గంప పక్కకు ఒరిగి, సగం చేపలు మట్టిలో పడ్డాయి.

"అలిగితే అలిగినావు, గంపెందుకు దించినావు? ఇప్పుడు ఎవరెత్తాల దాన్ని?"

"ఒకరవ్వ కూచోని వస్తా మే," అంది అంకాలమ్మ. మాట పెదవి దాటలేదు. ముఖమంతా చెమట, కుడిచెయ్యి రొమ్మును పిసుకుతోంది. "నువ్వు పో. చేపలు చెడిపోతాయి."

మాట ఆగితే కాలు ఆపమన్నది తన ఒక్కదానికే అనుకుంది ఇన్నాళ్లూ. అంకాలమ్మకూ ఊపిరి ఒకటుందని నాగులమ్మకు ఎన్నడూ తట్టలేదు.

నెత్తిమీది గంప విసిరికొట్టింది. పాలెం వైపు పరుగు తీసింది. ఖాళీ నెత్తితో పరుగెత్తడం కొత్త, అడుగులు తడబడ్డాయి. తాటితోపు దగ్గర రొమ్ము పట్టేసింది. ఆగితే మళ్లీ లేవలేనని తెలుసు. నోరు తెరిచింది.

"తలకాయ నీ మొగుడికే వేసినాను! అయితే ఏంది! కుండ నాదే! గరిటె కూడా నాదే!"

బదులు కూడా తనే ఇచ్చుకుంటూ, మళ్లీ దానిమీద అరుస్తూ పరుగెత్తింది. ఉప్పు మళ్లలో కూలీలు పారలు ఆపి, పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఊపిరి ఆగలేదు, కాలూ ఆగలేదు.

నాగులమ్మ వెంట ఉప్పు తోలే వెంకయ్య బండి కట్టుకుని వచ్చేసరికి అంకాలమ్మ అలాగే కూర్చుని ఉంది. వెంకయ్య ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తలగుడ్డ తీసేశాడు.

నాగులమ్మ ఆమె రెండు భుజాలూ పట్టి కుదిపింది.

"తోక ముక్క నేనే వేసినానక్కా! కావాలనే వేసినాను! లే, తిట్టు! లేస్తావా లేదా?"

వెంకయ్య ఒక్కడూ ఎత్తలేకపోయాడు. నాగులమ్మ ఎదురుగా నిలబడి పట్టు పట్టింది. ఇద్దరూ కలిసి అంకాలమ్మను బండిలో పడుకోబెట్టారు. బండి పాలెం వైపు మళ్లింది, చేపల మీద కాకులు వాలాయి. పాత కోక పేలికలతో చుట్టిన అంకాలమ్మ నెత్తి చుట్టకుదురు గట్టు మీదే ఉండిపోయింది, చెమటకు ఇంకా తడిగా, లోపలి అంచున రెండు తెల్ల వెంట్రుకలు అంటుకుని.